కొమ్ము కొరికి చెప్పే నీలవ్వ

ఎనభైల చివర్లో ఆర్మూర్ చుట్టుపక్కల ఏ కళ్లంలోనైనా పసుపు ఎండిందో లేదో తేల్చాలంటే నీలవ్వ రావాల్సిందే. ఉడికించి ఆరబోసిన కొమ్మును కుడి దవడ పళ్ల మధ్య పెట్టి పటుక్కున కొరికేది. "ఇంకో రెండెండలు గావాలె" అందంటే ఇక ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. కూలీల్లో ఆమెకున్న విలువంతా ఆ కొరుకుడుదే.

ఒక మాఘంలో కుడివైపు చిగుళ్లలో సలుపు మొదలైంది. చెవిదాకా పాకేది. అందరూ చిగుళ్ల జబ్బే అన్నారు. ఉప్పూ పసుపూ నూరి అద్దింది, లవంగం నొక్కిపెట్టింది. చివరికి ఊళ్లో ఒకాయన పటకారుతో దవడ పన్ను పీకాడు. పన్ను పోయింది గానీ నొప్పి పోలేదు. అయితే పక్క పన్నూ పీకించుకుంటానని కూర్చుంది, మొండి మనిషి! ఆడబిడ్డ రామవ్వ నాలుగు తిట్టి నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ నోట్లోకి చూసి, చెవి ముందు వేళ్లు ఆనించి నోరు తెరవమంది. లోపల టక్కుమంది.

"చిగుళ్లు బాగానే ఉన్నాయమ్మా. పీకించుకున్న పన్నూ మంచిదే అయ్యుంటుంది. నొప్పి దవడ కీలుది. గట్టివేమైనా కొరుకుతావా?"

"పసుపు కొమ్ములు గొరుకుతది డాక్టరమ్మా, పొద్దంత గదే పని!" అంది రామవ్వ.

"మానెయ్యాలి. మెత్తటివి తిను. వేడి బట్టతో కాపడం పెట్టుకో."

తిరుగు బస్సు మాక్లూర్ దాటేసరికి నీలవ్వకు కునుకు పట్టింది. కలలో గాలంతా పచ్చటి దుమ్ము. కళ్లం నిండా కొమ్ముల నడుమ పళ్లు ఆరబోసి ఉన్నాయి. తన పన్ను కోసం వంగి వంగి వెతుకుతోంది. అన్నీ పసుపు పూసుకుని ఒక్కలాగే ఉన్నాయి.

"కొరకకుంటె నన్నెవలు పిలుస్తరు?" అని నిద్రలోనే అడిగింది. రామవ్వ ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

మర్నాడు కళ్లంలో పసుపు ఆసామి గంగాదాస్ పటేలు అలవాటుగా కొమ్ము చేతికిచ్చాడు. నీలవ్వ నోటిదాకా తెచ్చి ఆగింది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండు చేతులా విరిచింది. ఎండిన కొమ్ములా ఖంగుమనలేదు, మెత్తటి సద్దు. ఇన్నేళ్లూ కొరికినప్పుడల్లా దవడలోంచి ఆమె విని తేల్చిందీ ఈ సద్దు తేడానే.

"ఇంక పచ్చిగనే ఉన్నది పటేలా."

"కొరకకుండ గెట్ల దెలుస్తదే?" అంటూ ఆయనే ఒకటి కొరికాడు. కాసేపు నమిలి ఉమ్మేశాడు. కూలీల వైపు తిరిగి, "మల్ల ఆరబొయ్యుండ్రి" అన్నాడు. తర్వాత, "ఎల్లుండి గూడ రా నీలవ్వా, సూద్దువు" అన్నాడు.

నీలవ్వ తలూపింది. కళ్లం చివరిదాకా నడిచిపోయి, కొంగు అడ్డం పెట్టుకుని సంతోషంతో తనివితీరా ఏడ్చింది.