కాన్సలుగారు నేర్చుకున్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. మా నాన్న ధవళేశ్వరంలో పడవలు కట్టే వడ్రంగి. అమ్మకు చదువు లేదు. రాజమండ్రిలో అమెరికా మిషన్ వాళ్ళు ఆడపిల్లలకు పెట్టిన బడిలో నన్ను వేశారు. పదకొండేళ్ళు వచ్చేసరికి దొరసానిగారు చెప్పే పాఠం తప్పుల్లేకుండా ఒప్పజెప్పేదాన్ని. మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, అందుకు చాలా గర్వపడేది. వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నన్ను పిలిచి చదివించేది.

నాన్నకు ఒక తమ్ముడుండేవాడు. ఆయనా వడ్రంగే. మా బాబాయికి నదిలో తిరిగే పడవలు చాలలేదు, సముద్రం చూడాలనిపించింది. కాకినాడ రేవులో నూనెగింజలు ఎక్కించుకుంటున్న ఒక అమెరికా తెరచాప ఓడలో వడ్రంగిగా చేరిపోయాడు. ఏడాదిలో వచ్చేస్తానని చెప్పి వెళ్ళిన మనిషి రెండేళ్ళయినా రాలేదు. చివరికి అదే ఓడలో పనిచేసిన కోరంగి మనిషి ఒకాయన వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. తుపానులో తెరచాప దూలం మీద పడి బాబాయి కాలు విరిగిందట. బ్రెజిల్ దేశపు రేవు ఒకదానిలో క్రైస్తవ సన్యాసినులు నడిపే ఆసుపత్రిలో ఆయన్ను దింపి, కెప్టెను ఓడ నడుపుకుని వెళ్ళిపోయాడట. అంతకుమించి ఆ కోరంగి ఆయనకూ తెలియదు.

మామ్మ నాన్నను వెంటబెట్టుకుని కలెక్టరు కచేరీకి వెళ్ళింది. ఓడ అమెరికా వాళ్ళది, వాళ్ళనే అడగండి అన్నారు అక్కడ. అమెరికా వాళ్ళంటే మాకు తెలిసింది బడి దొరసానిగారే. ఆవిడ పాపం చాలా బాధపడ్డారు. తమ దేశపు ఓడల మంచిచెడ్డలు చూడటానికి అమెరికా ప్రభుత్వం పరాయి రేవుల్లో కాన్సలు అనే ఉద్యోగిని పెడుతుందనీ, మద్రాసులో ఉండే ఒక చిన్న కాన్సలుగారు పని మీద కాకినాడ వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు రాజమండ్రిలో తమ బంగళాలో ఒకరోజు ఆగుతారనీ చెప్పారు. తీరా ఆయన వచ్చేనాటికి దొరసానిగారు జ్వరంతో మంచం పట్టారు. నాన్న పని దొరికి పోలవరం వైపు వెళ్ళాడు. ఇంక మామ్మకు మిగిలింది నేను.

బంగళా వరండాలో కూర్చున్న ఆయన్ను చూసి నాకు ఆశ్చర్యం వేసింది. పెద్ద మీసాలాయన ఎవరో ఉంటారనుకున్నాను. పాతికేళ్ళు కూడా ఉండవేమో, ఎండకు కందిపోయిన ముక్కుతో, కొత్తగా ఉద్యోగంలో చేరిన మా బడి పంతులుగారిలాగే ఉన్నాడు. మామ్మ చెబుతుంటే నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. ఓడ పేరు, రేవు పేరు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. 

ఆయన చెప్పింది నాకు పూర్తిగా అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. మా బాబాయి అమెరికా దేశస్థుడు కాడు. ఓడ దిగిన రోజే కెప్టెను పనివాళ్ళ పట్టీలోంచి ఆయన పేరు కొట్టేసి ఉంటాడు కనుక ఇప్పుడు ఆ ఓడ మనిషీ కాడు. ఇంగ్లీషు ప్రభుత్వపు ప్రజ కనుక వాళ్ళే అడగాలి. వాళ్ళు అడగకపోతే వాళ్ళను అడిగించే అధికారం తనకు లేదు. తన ముద్ర వేసిన కాగితం ఈ విషయంలో చెల్లదు.

మామ్మ నా నోటి వైపు చూస్తోంది. “ఏమన్నారే?” అంది.

 ఆ పూట మామ్మ పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుని వచ్చింది. దారి పొడుగునా ఆయనతో ఏమేం చెప్పాలో నాకు వల్లె వేయించింది. “రాస్తారంట మామ్మా. బాబాయిని ఓడెక్కించి పంపిస్తారంట” అన్నాను.

ఆమె ముఖం ఎలా మారిపోయిందో నేను చెప్పలేను. రెండు చేతులూ ఎత్తి ఆయనకు దండం పెట్టింది. అంతటితో ఆగక, వంగి కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన గబుక్కున లేచి వెనక్కి జరిగాడు. కుర్చీ పడిపోయింది. మామ్మ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

“ఆవిడతో ఏమని చెప్పావు?” అని ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

నేను తల దించుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. దొరసానిగారికి చెబితే బడి నుంచి తీసేస్తారనుకున్నాను. ఆయన పడిన కుర్చీని అలాగే వదిలేసి వచ్చి, మామ్మకు ఎదురుగా వరండా మెట్టు మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. “నేను చేయలేను అనడానికి మీ భాషలో ఏమంటారు?” అని అడిగాడు. మళ్ళీ అడిగితే గానీ నేను చెప్పలేదు. ఆయన లోపల లోపల రెండు మూడుసార్లు అనుకుని చూసుకున్నాడు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు చివర ఏం చేరుస్తారో కూడా అడిగాడు.

అప్పుడు మామ్మ కళ్ళలోకి చూస్తూ, “నా వల్ల కాడు అమ్మగారూ” అన్నాడు.

మాట సరిగ్గా పలకలేదు. అయినా మామ్మకు అర్థమైంది. ఆమె నా వైపు తిరిగి చూసింది.  తర్వాత ఆయన్నే అడిగింది. “మరి ఎవరి వల్ల అవుద్ది బాబూ?”

ఈసారి నేను ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తెలియదన్నట్టు తల ఊపాడు. ఉద్యోగిగా కాకుండా మామూలు మనిషిగా ఆ బ్రెజిల్ రేవులోని తమ దేశపు వాళ్ళకు ఒక ఉత్తరం రాస్తాననీ, వాళ్ళు బదులు రాయాలనేమీ లేదనీ అన్నాడు. అది కూడా ఏమీ కలపకుండా మామ్మకు చెప్పాను.

ఇంటికి వచ్చేటప్పుడు గోదావరి గట్టు మీద మామ్మ నా చెయ్యి పట్టుకుని నడిచింది. “నువ్వు చెప్పిందే బాగుందే. అది నిజమైతే ఎంత బాగుణ్ణు” అంది. ఆమె నన్ను అన్నది అంతే. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆయన నిజంగానే రాశాడు. తొమ్మిది నెలలకు దొరసానిగారి పేర ఉత్తరం వచ్చింది. కాలు విరిగిన హిందూదేశపు మనిషి ఒకడు ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి, కర్ర ఊతంతో నడుచుకుంటూ వెళ్ళిపోయాడట. ఎటు వెళ్ళాడో చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఆ తర్వాత ఏడాదికొక ఉత్తరం వచ్చేది. ఆయన జీవితం నాకు తెలిసిందంతా ఆ ఉత్తరాల వల్లే. మద్రాసు నుంచి చైనా రేవుకు మార్చారు. అక్కడ కలరాలో భార్య పోయింది. ఆ మాట ఒక్క వాక్యంలో రాసి, కింద మా బాబాయి సంగతి ఏమీ తెలియలేదని రాశాడు. తర్వాత తురకల దేశం టర్కీలో ఒక ఊరు. ఆ తర్వాత దక్షిణ అమెరికాలో వేశారు. అక్కడి నుంచి సెలవు పెట్టి, ఓడలో రెండు రోజులు ప్రయాణం చేసి, బాబాయిని దింపిన ఆ రేవుకు స్వయంగా వెళ్ళాడు. ఆసుపత్రిలో అందరూ కొత్తవాళ్ళే. ఒక రోజంతా రేవులో వడ్రంగుల్ని అడుగుతూ తిరిగి వచ్చేశాడు. ఆయన పెద్ద కాన్సలు అయ్యారనీ, ఆయన మాటకు ప్రభుత్వాలు విలువిస్తాయనీ దొరసానిగారు చెప్పేవారు. ఉత్తరంలో మాత్రం ఎప్పుడూ ఆ ఒక్క సంగతే.

నేను చదువుతుంటే మామ్మ గోడకు ఆనుకుని వినేది. “లేదనేనా?” అనేది. లేదనే అంటే, “ఈసారి ఏ ఊళ్ళో ఉన్నాడంట? ఒంట్లో బాగుందంటా?” అని అడిగేది. ఆయనకు జ్వరమొచ్చిందని రాసిన ఏడు రెండు రోజులు దిగులుపడింది. అలా ఎదురుచూస్తూనే పోయింది. ఆ కబురు నేనే రాశాను. ఆమె పోయాక కూడా ఆయన రాయడం మానలేదు. చివరి ఉత్తరం మటుకు ఆయన చెల్లెలు రాసింది. అన్నకు చూపు పోయిందనీ, ఈ ఏడు కూడా ఏమీ తెలియలేదని మాకు తెలియజేయమన్నాడనీ.

నేను పెద్దయి ఆసుపత్రిలో నర్సుగా ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. బతకరని తెలిసిన మనుషుల తాలూకు వాళ్ళకు ఆ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు వేరొకరి చేత చెప్పించలేదు. పక్కన కూర్చుని నేనే చెప్పేదాన్ని. అదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. అయినా, ఆ రోజు నేను మామ్మకు మేలు చేశానో కీడు చేశానో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నాను. ఆ వరండాలో మా మామ్మ కొన్ని క్షణాలు ఎంతో సంతోషంగా ఉంది. బాబాయి వెళ్ళాక ఆమెను అలా చూసింది అప్పుడే. ఆ సంతోషం నేను ఇచ్చిన అబద్ధం. దాన్ని వెనక్కి తీసుకునే పని పదకొండేళ్ళ పిల్ల మీద పెట్టకుండా, రాని భాషలో తన నోటితోనే చెప్పి, ఆ పాపమేదో తనే మోశాడాయన. నేను మాత్రం ఆనాటి మామ్మ ముఖాన్ని ఇప్పటికీ మోస్తున్నాను.