‘పవర్ సెట్’ అన్నది నేనే

ఈ మాట ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకు చెప్పగలనని అనిపిస్తోంది. ఒక మనిషి బతుకు నా వల్ల పాడైంది. ఆ సంగతి అతనికి తెలియదు. తప్పు తనదేనని ఇవాళ్టికీ నమ్ముతున్నాడు.

నేను పెద్ద జెట్ విమానాల్లో ఫ్లైట్ ఇంజనీరుని. ముందు ఎడమవైపు కెప్టెన్, కుడివైపు కో-పైలట్, వాళ్ల వెనక నేను. ఆ కో-పైలట్ పేరు ఆనంద్ అనుకోండి. అసలు పేరు రాసే ధైర్యం లేదు. నాది వరంగల్‌లో మట్టెవాడ. అతనిదీ వరంగలే, వాళ్ల నాన్న అక్కడ ఒక చర్చిలో పాస్టరు. ఊరివాడినని నన్ను అన్నా అనేవాడు. కెప్టెన్ అటు వెళ్లగానే ఇంగ్లిషు పక్కనపెట్టి మా మాటలు మొదలయ్యేవి.

విమానం లేచే ప్రతిసారీ ఇంజిన్లను పూర్తి శక్తితో నడపరు. బరువు, ఎండ, రన్‌వే పొడవు చూసి ఎంత శక్తి కావాలో లెక్కకడతారు. బరువు తక్కువైతే శక్తి తగ్గిస్తాం, ఇంజిన్ ఎక్కువకాలం మన్నుతుంది. నాలుగు ఇంజిన్లకు నాలుగు మీటర్లు. ఒక్కో మీటరు అంచున చిన్న గుర్తు, దాన్ని జరపడానికి ఒక నాబ్. గుర్తులు పెట్టడం నా పని. కెప్టెన్ ఇంజిన్ల లివర్లు ముందుకు తోస్తాడు. మీటరు ముల్లు సరిగ్గా గుర్తు మీదికి వచ్చేలా నేను సవరించి ‘పవర్ సెట్’ అంటాను. ఇక ఆ తర్వాత వాళ్ల కళ్లు రన్‌వే మీదే ఉంటాయి.

అది నడి ఎండాకాలం, మధ్యాహ్నం. ప్రయాణికులు తక్కువని తగ్గించిన శక్తికి లెక్కకట్టి, తలుపులు మూయకముందే గుర్తులు పెట్టేశాను. అందరికంటే ముందు నా పని అయిపోయిందనిపించుకోవడం నాకు సరదా. ఇంతలో వేరే విమానం రద్దయిందని అందులోవాళ్లనూ, వాళ్ల సామానునూ మాకెక్కించారు. కెప్టెన్ పూర్తి శక్తి కావాలన్నాడు. సరేనన్నాను. నాబ్ మీద చేయి వేయబోతుంటే కింద పనిచేసే మెకానిక్ పైకొచ్చి ఆయిల్ గురించి ఏదో అడిగాడు. అతనితో తగువు పడ్డాను. మళ్లీ ఇటు తిరిగి చూస్తే గుర్తులు నాలుగూ ఒకే వరసలో ఉన్నాయి. జరిపేశాననే అనుకున్నాను. చెక్‌లిస్టు చదువుతూ వాళ్లు అడిగితే, చూడకుండానే ‘సెట్’ అన్నాను.

ఆ రోజు విమానాన్ని లేపుతున్నది ఆనంద్. ముళ్లు గుర్తుల మీదికి వచ్చాయి. పవర్ సెట్ అన్నాను. విమానం పరుగెత్తుతోంది గానీ వేగం అందుకోవడం లేదు. రన్‌వే చివర దగ్గరపడింది. కావలసిన వేగం రాకముందే ఆనంద్ ముక్కు పైకి లాగాడు. తోక నేలకు రాసుకుంది. ఆ చప్పుడు నా వీపులో తగిలింది. కెప్టెన్ లివర్లను చివరిదాకా తోశాడు. లేచాం. చుట్టూ తిరిగి దిగాం. ఎవరూ చావలేదు.

గాల్లో ఉండగానే గుర్తులు చూశాను. నాలుగూ తగ్గించిన శక్తి దగ్గరే ఉన్నాయి. దిగాక వాళ్లిద్దరూ తోక చూడటానికి పరుగెత్తారు. నేను ఒక్కణ్ణే మిగిలాను. నాలుగు నాబ్‌లనూ ఒక్కొక్కటిగా పూర్తి శక్తి దగ్గరకు తిప్పాను. మరిచిపోవడం పొరపాటే, ఒప్పుకుంటాను. ఇది పొరపాటా? ఆ విమానంలో ప్రయాణాన్ని నమోదుచేసే పెట్టె ఎత్తు, వేగం, దిక్కు లాంటివే రాసుకునేది. ఇంజిన్ శక్తి అందులో పడదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

విచారణ గది బయట బెంచీ మీద ఆనంద్ నా పక్కన కూర్చున్నాడు.

“అన్నా, నాకైతే ఇమానం ఉరుకుతలేదనిపిచ్చింది. పవర్ నిండ పెట్టినవ్ గదా? నువ్వు జెప్తె చాలు, ఇంకెవ్వల్ని అడుగ.”

“నిండనే పెట్టిన తమ్మీ. నువ్వే జర తొందరపడ్డవ్.”

కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. “గట్లనా... అయితె నా చెయ్యిదే తప్పు.”

లోపలికి వెళ్లి అదే చెప్పాడు. విచారణ చేసేవాళ్లకూ అదే సులువైంది.

ఎందుకు అబద్ధమాడాను? పిల్లలు చిన్నవాళ్లు, ఉద్యోగం పోతే ఎలా అని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నా లెక్క ఎప్పుడూ తప్పదని అందరూ అనేవారు. ఆ పేరు పోతుందని భయపడ్డాను. అంతే. ఇంత చిన్న కారణానికి మనిషి ఇంత పని చేస్తాడా అని మీరడగవచ్చు. నేను చేశాను.

అతన్ని మళ్లీ విమానం ముట్టుకోనివ్వలేదు. వరంగల్ తిరిగొచ్చి, జీపు కొని ములుగు దారిలో తిప్పుతున్నాడు. కిందటేడు సెలవుకు వెళ్లినప్పుడు ఆ జీపెక్కాను. అన్నా అంటూ ముందు సీట్లో కూర్చోబెట్టి, తను నా పక్కనే ఇరుక్కున్నాడు. నడిపేది జీతానికి పెట్టుకున్న డ్రైవరు. విమానం నడిపినవాడివి, జీపు నడపలేవా అని వెనక నుంచి ఒక ముసలామె ఆటపట్టించింది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

“నా చేతికి తొందరెక్కువ పెద్దమ్మా. ఇంతమంది పానాలు దాని మీద ఏస్కోను.”

అది నా మాట. నేనే అతని నెత్తిన వేసిన మాట. అప్పుడైనా చెప్పాల్సింది. పక్కనే ఉన్నాడు, భుజానికి భుజం తగులుతోంది. ములుగు వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చున్నాను. దిగాక టీ తాగి వెళ్లమన్నాడు. తాగాను.

ఆ రోజు పవర్ తక్కువ పెట్టింది నేను. అతని చేయి ఏ తప్పూ చేయలేదు. ముందు రన్‌వే అయిపోతుంటే ఎవరైనా లాగుతారు, అలా లాగబట్టే మేమంతా బతికామేమో కూడా. రాశాను. రాసిన కాసేపటికి గుండె తేలికపడింది. ఈ మాట అతనికి ఇంకా చేరలేదని తెలిసి కూడా తేలికపడింది. అదే నాకు సిగ్గుగా ఉంది.