మా అత్తకు చలేసిన మధ్యాహ్నం

అనంతపురం జిల్లాలో ఊలు శాలువా అల్లానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ. మా ఎండల సంగతి లోకమంతా తెలుసు, మా చలి సంగతి మాకే తెలుసు. పుష్యమాసంలో తెల్లారగట్ల వాకిట్లోకి వస్తే కాలికింద బండ జివ్వుమంటుంది. చెట్టూ చేమా లేని మెట్ట మీద గాలిని ఆపేదెవరు?

ఆ శాలువా నేను అల్లింది మా అత్త కోసం. ఊళ్ళకు ఊళ్ళు చికెన్‌గున్యాతో మంచాన పడిన ఏడాది అది. పేరులో చికెన్ ఉంది కదా అని జనం కోడికూర మానేశారు, దోమల్ని మాత్రం హాయిగా పెరగనిచ్చారు. మా ఇంట్లో అందరికీ వచ్చింది, పోయింది. మా అత్తకు మాత్రం జ్వరం పోయినా నొప్పులు పోలేదు. వేళ్ళ కీళ్ళు వాచి, చల్లగాలి తగిలితే చాలు విలవిల్లాడేది. ఇంట్లో కంబళి ఉంది, మా వైపు గొర్రెల బొచ్చుతో నేసిందే. చలిని బాగానే ఆపుతుంది గాని, వాచిన చర్మానికి గరగరా గుచ్చుకుంటుంది. రెండు రోజులు కప్పుకుని విసిరికొట్టింది.

క్రోషా అల్లిక నాకు పెళ్ళికి ముందే వచ్చు. కదిరిలో మా పుట్టింటి పక్కవాటాలో ఉండే నర్సమ్మ నేర్పింది. అప్పటిదాకా నేను అల్లినవన్నీ గుమ్మానికి తోరణాలు, టీవీ మీద కప్పే గుడ్డలు. మనిషి ఒంటి మీద వేసుకునేది ఎప్పుడూ అల్లలేదు. జేబుల ఆలోచన పుట్టపర్తి బస్సులో వచ్చింది. నా ముందు సీట్లో ఒక విదేశీ ముసలామె కూర్చుంది. ఆమె శాలువాకు రెండు కొసల్లోనూ జేబులున్నాయి. చేతులు రెండూ వాటిలో దూర్చుకుని, కిటికీలోంచి వచ్చే గాలిని లెక్కచెయ్యకుండా నిద్రపోతోంది. చూడగానే మా అత్త వేళ్ళు గుర్తొచ్చాయి. ఆ తర్వాత పుట్టపర్తి పోయినప్పుడు మెత్తటి ఊలు ఉండలు వెతికి తెచ్చుకున్నాను, ఎర్రమట్టి రంగువి.

పని చెప్పడానికి సులువే. ముక్కు వంగిన సూదితో ఒక కంటిలోంచి ఇంకో కన్ను లాగుతూ పోవాలి. మెడ మీదుగా వేసుకుంటే రెండు పక్కలా మోకాళ్ళు దాటేంత పొడుగ్గా అల్లి, ఆ కొసల్ని పైకి మడిచి పక్కలు కుడితే జేబులవుతాయి. కానీ లోతెంత ఉండాలి? కొలతకని మా అత్త చేతిని నా ఒడిలోకి లాక్కున్నాను. కోడలిగా వచ్చి అన్నేళ్ళయినా ఆ చేతిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. శెనక్కాయ పెరికి పెరికి అరచెయ్యి చెక్కలా అయిపోయింది. ఆమె గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆడదానికి జోబీలేందే? జనం నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీలే అత్తా. ఉప్పు ఏంచి మూటకట్టి రెండు జోబీల్లో పెడతా. చేతులకు కాపడం పెట్టినట్లుంటాది."

"మొగోళ్ళకైతే దుడ్లు పెట్టుకునేదానికి జోబీలు. నాకేముండాదని పెట్టుకునేది?"

"చేతులుండాయి గదా."

ఆమె అన్నట్టే నవ్వారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ, "ఏమవ్వా, కలెక్టరు మాదిరి తయారైనావే!" అన్నారు. మొదట్లో సిగ్గుపడి కొంగు కప్పుకునేది. తర్వాత అలవాటైంది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, వేడి ఉప్పుమూటలు పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళను తీరుబడిగా చూసేది. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చున్న మా అత్తను చూడటం నాకే వింతగా ఉండేది. సంక్రాంతి నెల దాటేసరికి వేళ్ళు కాస్త మడవగలిగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అలాగే పోయింది. శాలువాను ఉతికి, వేపాకు వేసి ట్రంకుపెట్టెలో పెట్టేశాను.

ఇక్కడ చేను సంగతి చెప్పాలి. మా అత్తకు పెళ్ళిలో పసుపుకుంకుమల కింద పుట్టింటివాళ్ళు కొంచెం మెట్ట చేను రాసిచ్చారు. రాళ్ళచేను. వాన పడితే శెనక్కాయ, పడకపోతే దుమ్ము. కొంటామని దాన్ని ఎన్నడూ ఎవరూ కన్నెత్తి చూడలేదు. తర్వాత దాని పక్కగా వెళ్ళే కదిరి రోడ్డు వెడల్పయింది. రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు లేచాయి. ఆ రాళ్ళు కాస్తా రాత్రికి రాత్రి బంగారమైపోయాయి.

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం మా బావ, అంటే మా ఆయనకు అన్న, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకడు బ్రోకరు, ఇంకొకాయన కొనే ఆసామి. నేను మజ్జిగ ఇచ్చి వెనక్కి తిరిగేలోపే సంచిలోంచి కాగితాలు, వేలిముద్రకు ఇంకు డబ్బా బయటికొచ్చాయి. అత్త పేరుమీద ఉన్న చేను అమ్మేస్తున్నారని అప్పుడే నాకు తెలిసింది. మా ఆయనకు ముందే తెలుసు కాబోలు, నా కళ్ళలోకి చూడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు. వంటింట్లోకి పిలిచి నిలదీశాను.

"మీయమ్మకు చెప్పినారా?"

"చెప్పేదేముండాది? యేలు ఎయ్యమంటే ఎయ్యదా? బ్యాంకులో ఎన్నితూర్లు ఎయ్యలేదు!"

అది నిజమే. ఏ కాగితం ముందు పెట్టినా, ఏంటని అడగకుండా బొటనవేలు చాపేది ఆమె. నేనూ ఎన్నోసార్లు చూశాను. ఇప్పుడూ అంతేలే అని నాకూ అనిపించింది.

"మా, ఇట్ల రా. యేలు ఎయ్యి," అని బావ లోపలికి కేకేశాడు.

లోపలి గదిలో ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. కాసేపటికి మా అత్త గడప దాటి వచ్చింది. బయట బండలు పేలే ఎండ. ఆమె ఒంటి మీద ఊలు శాలువా. చేతులు రెండూ మణికట్లు కూడా కనబడకుండా జేబుల్లో. నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది, తుడుచుకోవడం లేదు. వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఏమైంది మా నీకు?" అన్నాడు బావ.

"సలేస్తాంది."

బ్రోకరు పకపకా నవ్వాడు. "ఎండకు రాళ్ళు పగుల్తాంటే సలేందవ్వా! ఒక్క యేలు ఇయ్యి, మా పని అయిపోతాది."

"సలేస్తాంది నాయనా," అంది మళ్ళీ.

జ్వరం తిరగబెట్టిందేమోనని పరుగున పోయి మెడ మీద చెయ్యి వేసి చూశాను. చెమట తప్ప ఏమీ లేదు. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. జ్వరం లేదు, చలీ లేదు. ఆమె వేలు ఇవ్వదు. అంతే. అంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది, ఎందుకంటే మా అత్త కాదనడం నేను అంతవరకూ చూడలేదు.

బావ ముందు బుజ్జగించాడు. తర్వాత విసుక్కున్నాడు. పెద్దమనిషికి మాట ఇచ్చాను, నా పరువు తియ్యొద్దన్నాడు. ఏం చెప్పినా ఆమె నోట్లోంచి ఆ ఒక్క మాటే. చివరికి ఉక్రోషం పట్టలేక వంగి, జేబు మీదనే ఆమె కుడిచెయ్యి పట్టుకుని లాగాడు. వాచిన కీళ్ళు! "అమ్మా!" అని అరిచింది. జేబు కుట్టు పర్రుమని ఊడింది.

కన్నతల్లి చేతిని అలా లాగగలరని నేను కలలో కూడా అనుకోలేదు. బావ ఎదుట నేను ఎన్నడూ గొంతెత్తి ఎరగను. ఆ రోజు నా గొంతు వీధి చివరిదాకా వినబడిందట.

"చెయ్యి వదులు బావా! అది మీయమ్మ చెయ్యా, చింతకొమ్మా?"

ఆయన వదిలేశాడు. తను చేసిన పనికి తనే బిత్తరపోయినట్టు తన చేతిని చూసుకున్నాడు. కొనే ఆసామి లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "వద్దులేప్పా, ఉసురు తగిలే భూమి మాకొద్దు," అని నడిచాడు. బ్రోకరు కాగితాలు ఏరుకుని వెంట పరిగెత్తాడు. బావ అన్నం తినకుండా వెళుతూ వెళుతూ నాతో, "నువ్వు కుట్టిచ్చిన జోబీలే గదా ఇవి," అన్నాడు. మా ఆయన గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డాడు. నాకు ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ చేను పుట్టింటి గురుతు, అందుకే ప్రాణం పెట్టుకుంది అనుకున్నాను. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అదే చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. ఊడిన జేబును మళ్ళీ కుడుతూ ఆమెతోనూ అన్నాను, "నీ పుట్టింటి సేను యాడికీ పోదులే అత్తా."

"ఆ రాళ్ళమీద నాకేం ప్రేమే?" అంది. "దాంట్లో కలుపు తీసీ తీసీ నడుము ఇరిగింది. పోతే పీడా పాయె."

సూది నా చేతిలోనే ఆగిపోయింది. "మరి ఎందుకట్ల చేస్తివి?"

"యేలు ఇయ్యి అంటాడు! అంగట్లో గొర్రె కాలు అడిగినట్ల."

ఆ చేను తర్వాత ఎప్పుడో ఆమె సరేనన్న రోజునే అమ్మారు. అది పెద్ద విశేషం కాదు. నన్ను ఇప్పటికీ వదలనిది అంతకు ముందు జరిగిన ఇంకొకటి.

మా ఆయన కొన్నాళ్ళు తల్లి మొహం చూడలేకపోయాడు. ఒకనాటి పొద్దున ఆమె రాగులు చెరుగుతుంటే వెళ్ళి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. నేను చెప్పి పంపలేదు, ఒట్టు.

"మా, ఆ సేను అమ్ముదామా వద్దా? నీ ఇష్టం యెట్లుంటే అట్ల."

చేట ఆగింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అంతమంది మగవాళ్ళ మధ్య నెగ్గుకొచ్చిన మనిషి కదా, ఠక్కున చెప్పేస్తుందనుకున్నాను.

"నా ఇష్టమా?"

"ఊ. నీ ఇష్టమే."

ఆమె చేటలోని రాగుల వైపు చూసింది, కొడుకు వైపు చూసింది.

"అదెట్ల చెప్పల్ల రా?" అంది.

ఎత్తిపొడుపేమో అనుకున్నాను. కాదు. ఆమె నిజంగానే అడుగుతోంది.