ముందు పళ్ల మధ్య సందు

అతను పళ్లు చేస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని. ఊళ్లో చాలామంది అతను చేసిన పళ్లతో నములుతున్నారు, మాట్లాడుతున్నారు, తిట్టుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరినీ అతను చూడలేదు. క్లినిక్ నుంచి అట్టపెట్టె వస్తుంది. అందులో బోసినోటి అచ్చులు రెండు, తెల్లటి ప్లాస్టర్‌వి, పైదవడది ఒకటి, కిందిదవడది ఒకటి. రెండు దవడల మధ్య ఎంత ఎడం ఉండాలో చూపించే మైనం దిమ్మె. ఒక చీటీ. చీటీ మీద నంబరు, వయసు, ఆడో మగో, పళ్ల రంగు, పళ్ల సైజు. పేరు ఉండదు. అతను చీటీలో రాసినట్టు చేసి అదే పెట్టెలో పెట్టి పంపేస్తాడు.

ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది. కింద టైర్ల దుకాణం. కిటికీ పక్కన అతని బల్ల, బల్ల మీద స్పిరిట్ దీపం, చిన్న కత్తి, మైనం రేకులు. ఎదురుగా సానచక్రం దగ్గర ఒకావిడ కూర్చుంటుంది. అందరూ ఆమెను రేడియో అంటారు. చక్రం తిరిగినంతసేపు పళ్లకు మెరుగు పెడుతుంది. చక్రం ఆగగానే ఫోన్ చూసి వార్తలు చెబుతుంది.

"మాస్టారూ, మళ్లీ వంతెన కూలిందట."

"ఊఁ."

"పదకొండు మంది."

"ఊఁ."

"మీకు చెప్పడంకంటే ఈ అచ్చులకి చెప్పడం నయం. అవి నోరు తెరుచుకునైనా వింటాయి."

ఒకప్పుడు అతనికి వార్తలంటే ఇష్టమే. పేపరు మొదటి పేజీ నుంచి అద్దె ఇళ్ల ప్రకటనల దాకా చదివేవాడు. చదివింది అన్నయ్యతో వాదించేవాడు. అన్నయ్య లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. ఎనిమిదేళ్లు పెద్ద. అతన్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని మొదటిరోజు ఈ ల్యాబ్ మెట్ల దగ్గర దించినవాడు. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక వచ్చేవాడు. ఇద్దరూ క్యారమ్స్ ఆడేవాళ్లు. "నీ గురి మైనంలో పళ్లు గుచ్చడానికేరా. బోర్డు మీద ఎందుకూ పనికిరాదు" అనేవాడు అన్నయ్య. రెడ్డు వేశాడంటే ముందు పళ్ల మధ్య సందులోంచి ఈల వేసేవాడు. వంటింట్లో ఆడవాళ్లకు ఎవరు గెలిచారో అడగక్కర్లేకుండా తెలిసేది.

ఏడేళ్ల క్రితం ఒక ఆదివారం, బోర్డు పక్కనే టీవీ నడుస్తోంది. ఎక్కడో దూరదేశంలో యుద్ధం. బడి మీద బాంబు పడింది. నేల మీద తెల్లగుడ్డలు కప్పిన పొట్టి పొట్టి ఆకారాలు వరసగా చూపించారు. అన్నయ్య స్ట్రైకర్ సర్దుకుంటూ, "యుద్ధమన్నాక ఇవన్నీ మామూలేరా" అన్నాడు. వాన గురించి అన్నట్టు అన్నాడు. మనసులో ఏ కసీ లేదు.

తమ్ముడు నోరు జారాడు. "పిల్లని పోగొట్టుకున్నవాడివి, నువ్వే అలా అంటే ఎలా అన్నయ్యా?"

అన్నయ్య కూతురు తొమ్మిదో ఏట, తమ్ముడి పెళ్లికి ముందే, మూడు రోజుల జ్వరంతో పోయింది. అది జరిగి అప్పటికే ఇరవై ఏడేళ్లు. ఆ తర్వాత ఆ మాట రెండిళ్లలోనూ ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ అనుకోలేదు కూడా. ఎత్తలేదు, అంతే.

అన్నయ్య స్ట్రైకర్‌ని బోర్డు మధ్యలో పెట్టాడు. లేచి బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టుకోవడానికి అతనికి చాలాసేపు పట్టేది. అంతసేపూ గదిలో టీవీ ఒక్కటే మాట్లాడింది. తర్వాతి ఆదివారం అతను రాలేదు.

తమ్ముడు రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ వదిన గుమ్మంలోనే, "పడుకున్నారు" అంది. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆడవాళ్లిద్దరూ మాత్రం మధ్యాహ్నాలు మాట్లాడుకునేవాళ్లు. బీపీ ఎంత, కుళాయి బాగుచేశారా, ఏ మందు మార్చారు. మగవాళ్ల ఊసు వస్తే ఇద్దరూ ఒకేసారి ఫోన్ పెట్టేసేవాళ్లు.

ఆదివారాలు పొడుగైపోయాయి. అతను పేపరు మానేశాడు. భార్య ఏదైనా సినిమాకి వెళ్దామంటే వెళ్లేవాడు. హాల్లో నిద్రపోయేవాడు.

రేడియో వంతెన వార్త చెప్పిన రోజు వచ్చిన పెట్టె బస్ డిపో దగ్గర క్లినిక్‌ది. మగ, డెబ్బై ఒకటి. అతను పైదవడ అచ్చు తీసి దుమ్ము ఊదాడు. అలవాటుగా బొటనవేలు అంగిట్లో పెట్టి తడిమాడు. వేలు ఆగిపోయింది.

అంగిలి ఎముక మీద చిన్న బుడిపె ఉంది. నడిమధ్యన కాదు, కాస్త ఎడమకి. బుడిపెలు చాలామందికి ఉంటాయి. ఇలా ఎడమకి జరిగినదాన్ని అతను ఒక్క నోట్లోనే చూశాడు. అది అమ్మ నోరు. అమ్మకు పళ్లు చేసింది అతనే. ఆ బుడిపె ఒరుసుకోకుండా చెక్కడానికి రెండు రోజులు పట్టింది. అన్నయ్యది అమ్మ నోరే అని ఇంట్లో అందరూ అనేవాళ్లు.

భార్యకు ఫోన్ చేశాడు.

"అన్నయ్య పళ్లు పీకించుకున్నాడా?"

"మీకెవరు చెప్పారు?"

"పీకించుకున్నాడా లేదా?"

"పోయిన నెలే, అన్నీ. మీకు చెప్పి ఏం లాభమని చెప్పలేదు. అక్కకి ఫోన్ చేసి చెప్పనా, మీ దగ్గరికే వచ్చాయని?"

"వద్దు. ముందు నోట్లో పడనీ."

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో అలాంటి నవ్వు విని చాలాకాలమైంది.

చీటీలో స్పష్టంగా ఉంది. చిన్న సైజు పళ్లు. మధ్యలో సందులు లేకుండా. మైనం దిమ్మె చూశాడు. దవడల మధ్య ఎడం తక్కువగా కొలిచారు. ముసలి ముఖం, కుంగిపోయిన బుగ్గలు, దానికి తగ్గ కొలత. ఈ ముఖం ఎవరిది అనుకున్నాడు. తనకు తెలిసిన అన్నయ్య ముఖం పొడుగ్గా ఉంటుంది. నవ్వితే పైపళ్లన్నీ కనబడతాయి. డాక్టరు చూసిన మనిషి అన్నయ్య కాదు.

ఇంట్లో ఒక ఫోటో ఉంది. లేతు షెడ్డు గేటు ముందు అన్నదమ్ములిద్దరూ నిలబడి ఉన్నది. దాన్ని జేబులో పెట్టుకుని ల్యాబ్‌కి తెచ్చాడు. భూతద్దం కింద పెట్టి అన్నయ్య నవ్వును కొలిచాడు.

రేడియో చక్రం ఆపింది. "ఎవరు మాస్టారూ, సినిమా హీరోనా?"

"మా అన్నయ్య."

"పక్కనున్న పీనుగెవరు?"

"నేను."

"అయ్యో, అప్పట్నించీ ఇంతేనా!"

అతను నాలుగు రోజులు పనిచేశాడు. మామూలుగా ఒకటిన్నర రోజు చాలు. పెద్ద సైజు పళ్లు తీశాడు. ఎడం మూడు మిల్లీమీటర్లు పెంచాడు. ముందు పళ్లు రెంటినీ మైనంలో గుచ్చి, వేడి కత్తితో ఒక్కో వెంట్రుకవాసి జరుపుతూ, మధ్యలో సందు పెట్టాడు. ఫోటోలో ఉన్నంత. పళ్లు అద్దంలో చూసుకోగానే అన్నయ్యకు తెలుస్తుంది. ఈ సందు సంగతి ప్రపంచంలో ఇంకెవరికి తెలుసు? చేసింది ఎవరో తెలుస్తుంది. క్షమించు అనడం అతనికి చేతకాదు. చేతనైంది ఇదొక్కటే.

చీటీని కాదని పనిచేయడం ముప్పై ఎనిమిదేళ్లలో ఇదే మొదలు.

మైనంలో గుచ్చిన పళ్లు మొదట ట్రయల్‌కి వెళ్తాయి. నోట్లో పెట్టి చూసి, బాగుంటే గట్టి పళ్లు చేస్తారు. పెట్టె సోమవారం వెళ్లింది. బుధవారం తిరిగొచ్చింది. ల్యాబ్ యజమాని తనే పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏంటయ్యా ఇది? సందు పెట్టమని నీకెవరు చెప్పారు?"

అతను పెట్టె తెరిచి మైనం పళ్లు చూశాడు.

"పెదాలు మూతపడట్లేదట. మాట్లాడితే పళ్లు టకటకమంటున్నాయట. డాక్టరు నన్ను పట్టుకుని దులిపేశాడు. నీ పని ఒక్కసారైనా వెనక్కొచ్చిందా ఇన్నేళ్లలో?"

"పేషెంటు ఏమన్నాడు?"

"ఏమంటాడు? చాలాసేపు అద్దం చూసుకున్నాడట. ఎక్కడ చేశారని అడిగాడట. తీసి ట్రేలో పెట్టి, ఇంకో మాట లేకుండా లేచి వెళ్లిపోయాడట. మళ్లీ రాడేమో అంటున్నాడు డాక్టరు."

రేడియో చక్రం ఆపలేదు. ఆ పూట వార్తలేమీ చెప్పలేదు.

రెండు వారాల తర్వాత భార్య పళ్లేలు సర్దుతూ చెప్పింది. "బావగారు పళ్లే వద్దన్నారట. ఏదైనా మెత్తగా మెదిపి పెడితే చాలన్నారట. గదిలోంచి బయటికి రావట్లేదట." అతను తినడం ఆపి కూర్చున్నాడు. "మీరు ఏం పెట్టారు వాటిల్లో?" అని అడిగింది ఆమె. అతను చెప్పాడు. ఆమెకు అందులో తప్పేమీ కనబడలేదు. అతనికీ కనబడలేదు.

చీటీలో రాసినట్టు మళ్లీ చేశాడు. చిన్న పళ్లు, తక్కువ ఎడం, సందు లేదు. ట్రయల్ లేకుండానే గట్టి పళ్లు చేసి, తనే మెరుగు పెట్టాడు. ఎవరి నోట్లోనైనా పెట్టదగిన పళ్లు. సెలవు రోజున వాటిని డబ్బాలో పెట్టుకుని బయల్దేరాడు.

"నేనూ రానా?" అంది భార్య.

"వద్దులే."

అన్నయ్య ఇల్లు మూడో అంతస్తు. మెట్ల మీద ఎవరో తుడిచిన తడి ఇంకా ఆరలేదు. వదిన తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. లోపలి నుంచి టీవీ శబ్దం గట్టిగా వస్తోంది, ఎవరో అదుపు లేకుండా వాదించుకుంటున్నారు. ఆమె గుమ్మం దాటి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, పళ్లు తెచ్చాను. ఈసారి సరిగ్గా ఉన్నాయి. డాక్టరు చెప్పినట్టే చేశాను."

ఆమె డబ్బా వైపు చూడలేదు. "ఎందుకు చేశావు అలాగ?"

"అన్నయ్య పళ్లు అలాగే ఉండేవిగా. గుర్తుపడతాడని..."

"గుర్తుపట్టారు." ఆమె గొంతు తగ్గించింది. "ఆ రోజు ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఒకటే మాట. అద్దంలో పాప నవ్విందే అని. నా నోట్లోంచి పాప నవ్విందే అని."

అతనికి అర్థం కాలేదు.

"పాపకీ అంతే కదా ఉండేది. పాలపళ్లు ఊడి వచ్చినవి. వాళ్ల నాన్న సందే వచ్చిందని నువ్వే ఏడిపించేవాడివి. ఈల నేర్చుకుంటానని రోజంతా ఉఫ్ ఉఫ్ అని ఊదేది."

అతను వెతికాడు. పసుపుపచ్చ గౌను గుర్తొచ్చింది. ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. అన్నయ్య చేతిలో మందుసీసా గుర్తొచ్చింది. పిల్ల ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఉఫ్ అని ఊదే నోరు లేదు. వేల నోళ్లు చేతుల్లోంచి వెళ్లాయి. ఆ ఒక్కటీ లేదు.

"నాకు గుర్తులేదు వదినా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కోపం లేదు. "మళ్లీ కావాలనే పొడిచావని అనుకుంటున్నారు ఆయన. అప్పుడు మాటతో అన్నాడు, ఇప్పుడు చేత్తో చేశాడు అంటున్నారు."

"కావాలని చేయలేదు."

"నాకు తెలుసు. ఇప్పుడు లోపలికెళ్తే అడుగుతారు, ఎవరొచ్చారని. ఏం చెప్పమంటావు? తెలియక చేశాడని చెప్పనా? తెలియకపోవడమేంటి, ఎత్తుకు తిరిగినవాడు కదా అంటారు. పాప ముఖమే మర్చిపోయాడని చెప్పాలి అప్పుడు. మన ముగ్గురం తప్ప దాన్ని ఎరిగినవాళ్లు ఇంకెవరున్నారు?"

లోపల టీవీలో ఒకడి గొంతు మిగతా గొంతులన్నిటినీ తొక్కేసింది. పై అంతస్తులో ఎవరో కుర్చీ లాగారు. అతను డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అన్నయ్య తనను ఇంకెప్పుడూ రానివ్వడు. ఎలా చెప్పినా రానివ్వడు. ఒకలా చెబితే అన్నయ్యకు ఒక దుర్మార్గుడైన తమ్ముడు మిగులుతాడు. ఇంకోలా చెబితే, కూతురు మరికాస్త చచ్చిపోతుంది.

"కావాలనే చేశాడని చెప్పు," అన్నాడు.

"అబ్బాయ్..."

"అలాగే చెప్పు వదినా. పాప బాగా గుర్తుందట, అందుకే చేశాడట అని చెప్పు."

ఆమె ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలూపింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. కాసేపటికి టీవీ ఆగిపోయింది. లోపల ఆమె చెబుతున్నట్టుంది. మాటలు బయటికి వినబడలేదు. అతను విందామని ఆగలేదు.