మిట్టమధ్యాహ్నం మార్మోట్ కూత

అన్సెల్మ్ వెనక్కి తిరిగి చూసే మనిషి కాదు. పొగరనుకునేవాళ్లు అనుకున్నారు గానీ, అతని సైకిల్ సంఘంలో నియమమే అది. గుంపంతా ఒకే వేగంతో కలిసి సాగాలి. ముందుండే దళపతిని ఎవరూ దాటకూడదు. దళపతి చూపు దారి మీదా, చేతి గడియారం మీదా ఉండాలి. వెనకబడినవాళ్లను కనిపెట్టడానికి చిట్టచివర ఒకడుంటాడు, వాణ్ని ‘చీపురు’ అంటారు. వాడి మెడలో ఈల ఉంటుంది. ఆ ఈల పొడుగ్గా మోగితే దళపతి ఆగాలి.

పిరెనీస్ కొండల్లో ముప్పయ్యారేళ్లు రోడ్డుపని చేసినవాడు అన్సెల్మ్. ఏ మలుపులో ఎన్ని గతుకులున్నాయో నిద్రలో అడిగినా చెబుతాడు. ఇరవై రెండేళ్లు దళపతిగా ఉండి, ఒక్కసారైనా మజిలీకి ఒక్క నిమిషం ఆలస్యంగా చేరలేదు. ఆ గొప్ప చెప్పుకోని ఆదివారం ఉండేది కాదు. అన్నేళ్లూ చీపురు ఫెర్నానే. ఊళ్లో రొట్టెల బట్టీ నడిపేవాడు. ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు.

ఆ జులైలో నాలుగు కనుమలు దాటే యాత్ర. పొద్దున పదింటికే తారు మెత్తబడి టైర్లకు అంటుకుంటోంది. రెండో కనుమ దిగాక, ఊరి కుళాయి దగ్గర ఫెర్నాన్ తల తడుపుకుంటూ అన్సెల్మ్‌తో అన్నాడు.

“ఒరేయ్, ఇవాళ కాస్త నెమ్మదిగా లాగు. పైకెక్కేముందు ఓ పావుగంట నీడన కూర్చుందాం.”

“నలభయ్యేళ్లు బట్టీ ముందు కాగినవాడివి, నీకూ ఎండేనట్రా? ఆ పొట్ట తగ్గించు, ఎండ అదే తగ్గుతుంది!”

అందరూ పడీపడీ నవ్వారు. ఫెర్నాన్ కూడా నవ్వి, “చిత్తం మహాప్రభూ” అని సీసా నింపుకున్నాడు.

మూడో కనుమ సగం ఎక్కేసరికి గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు వెనకబడ్డారు. అన్సెల్మ్ పళ్లు బిగించి వేగం పెంచాడు. అప్పుడు వినబడింది, కింది మలుపుల్లోంచి, సన్నగా, పొడుగ్గా. అతని వెనకే తొక్కుతున్న లూసెట్ ఆయాసపడుతూ అడిగింది. పారిస్ నుంచి వచ్చి ఏడాదైనా కాలేదామెకు.

“అన్సెల్మ్ గారూ, ఈలేనా అది?”

“మార్మోట్ అమ్మా. గద్ద కనబడితే అలాగే కూస్తాయి ఆ కొండ ఉడుతలు. తొక్కు, తొక్కు.”

ఒంటిగంటా ఇరవైకి, అనుకున్న నిమిషానికే, పైనున్న పూటకూళ్లింటి ముందు దిగారు. అతను గర్వంగా గడియారం అందరికీ చూపించాడు. ఆమ్లెట్లు బల్ల మీదికి వచ్చాక లూసెట్ తలలు లెక్కపెట్టింది.

“పద్నాలుగు మందిమే ఉన్నాం. ఫెర్నాన్ గారేరీ?”

గొర్రెల కాపరి ఒకాయన రాళ్ల మధ్య పడి ఉన్న ఫెర్నాన్‌ను చూసి, తన బండిలో ఆసుపత్రికి చేర్చాడు. ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ మాత్రం మళ్లీ స్వాధీనంలోకి రాలేదు. వారం తర్వాత మంచం చుట్టూ సంఘమంతా నిలబడి ఉండగా లూసెట్ ఉండబట్టలేక ఈల సంగతి అడిగేసింది.

“ఈలా?” అన్నాడు ఫెర్నాన్, వంకరపోయిన నోటితో. “ఎక్కడమ్మా, నోరు పిడచగట్టుకుపోయింది. ఊదనే లేదు. చీపురే ఊదకపోతే పాపం దళపతికేం తెలుస్తుంది?”

లూసెట్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అన్సెల్మ్ టోపీ చేతిలో నలుపుతూ మంచం కాళ్ల దగ్గరే నిలబడ్డాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. చెప్పలేదు. వీడికి గుర్తులేదు, గండం గడిచింది అనుకున్నాడు. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు.

ఆ శరదృతువులోనే దళపతి పదవి వదిలేశాడు. ఎందుకని అడిగిన వాళ్లకు మోకాళ్లు చూపించాడు. ఫెర్నాన్ ఒంటిచేత్తో ఆడుకోవడానికి వీలుగా పేకముక్కలు నిలబెట్టే చెక్క చేసిచ్చాడు. తొమ్మిదేళ్లు ఒక్క గురువారం తప్పకుండా వెళ్లి ఆడాడు. ప్రతి గురువారం చెబుదామనుకునే వెళ్లేవాడు, ఆట గురించి పోట్లాడుకుని వచ్చేసేవాడు.

కిందటి జులైలో, కిటికీ తలుపులు మూసినా గది వేడెక్కిపోయిన ఒక మధ్యాహ్నం, నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఒరేయ్ ఫెర్నాన్. ఆ రోజు కొండమీద నాకేదో వినబడిందిరా. మార్మోట్ అనుకున్నాను.”

ఫెర్నాన్ తన ముక్కల మీంచి చూపు ఎత్తలేదు. మండుటెండలో మార్మోట్లు బొరియ వదిలి రావని ఆ కొండల్లో పుట్టిన చంటిపిల్లలకు కూడా తెలుసు.

“మిట్టమధ్యాహ్నమా?” అన్నాడు మెల్లగా. “జులైలోనా?”

ఫెర్నాన్ ఒక ముక్క తీసి బల్ల మీద వేశాడు.

“ఆడరా, నీదే వంతు.”