తప్పు చెప్పలేకపోయిన విద్యార్థిని

మాది వట్లూరు. ఏడో తరగతితో చదువు ఆగినా, లైబ్రరీ పుస్తకాలతో లెక్కలు నేర్చుకున్నాను. మా మేడ మీద అద్దెకుండే బి.ఎడ్. అమ్మాయి మాధవి, తన నమూనా పాఠానికి విద్యార్థులు తక్కువయ్యారని నన్ను మా వీధి చివరున్న తన కాలేజీకి తీసుకెళ్లింది.

“పిన్నిగారూ, సగం, మూడోవంతు కలిపితే ఎంతంటే, ఐదింట రెండని తప్పు చెప్పండి. నేను సరిదిద్దితేనే మార్కులండీ!”

తీరా లెక్చరర్‌గారి ముందు అడిగేసరికి, అన్నేళ్లకు బెంచీ ఎక్కిన నా నోట తప్పు రాలేదు. “ఆరింట ఐదండీ” అనేశాను.

మాధవి ముఖం పాలిపోయింది. అయినా సుద్దముక్క నా చేతికిచ్చి, “ఎలాగో బోర్డు మీద చూపించండి” అంది. చేసి చూపించాను.

“ఈ విద్యార్థిని ఏ బడిదమ్మా?” అంటూ లెక్చరర్‌గారు నవ్వి, మాధవికి మంచి మార్కులే వేశారు.

ఇప్పటికీ ఆ కాలేజీ గంట వినబడితే, కూర కలుపుతున్న నా చెయ్యి ఆగిపోతుంది.