డాక్టరమ్మ గారి గొంతు, నా పేజీ

పోయిన నెల ఒక పొద్దున్న మన జిల్లా పశువైద్యుల ఫోన్ గ్రూపులో డాక్టరమ్మ గారి పేరు మీద సందేశం వచ్చింది. రోజూ ఆ వేళకు ఆవిడ గొంతు వచ్చేది. ఆ రోజు అక్షరాలు వచ్చాయి. జలుబు చేసి గొంతు పట్టేసిందేమో, అందుకని టైపు చేశారనుకున్నాను. చదివితే, రాసింది ఆవిడ భర్త. గుండెపోటు వచ్చిందని, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయారని, మధ్యాహ్నం తీసుకెళతామని ముక్తసరిగా రాశారాయన.

ఉన్నమాట చెప్పేస్తాను. కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. కళ్ళు చెమర్చాయి. ఈలోగా సంతాపాలు రావడం మొదలైంది. మెట్ట ప్రాంతం నుంచి, లంక గ్రామాల నుంచి, ఎప్పుడో రిటైరై గ్రూపులో ఉన్నారన్న సంగతే మనం మర్చిపోయిన పెద్దల నుంచి. ఎంతకీ ఆగవు. అవి చూస్తూ చూస్తూ, నేను పోతే ఇందులో సగమైనా వస్తాయా అనుకున్నాను. పోయిన మనిషిని చూసి కూడా కుళ్ళుకోగలనని అప్పుడే తెలిసింది.

ఈ పత్రిక కొత్తగా చేతికి వచ్చినవాళ్ళకు ఆవిడెవరో చెప్పాలి. పెనుగొండ వైపు ఒక మండలంలో పశువుల డాక్టరు. పక్క మండలం నాది. కాలేజీలో నాకు జూనియరు. నేను మన పశువైద్యుల ఈ మాసపత్రికలో చాలా ఏళ్ళుగా ‘ఈ నెల సూచనలు’ అనే పేజీ రాస్తున్నాను. గొంతువాపు టీకాలు ఎప్పుడు వెయ్యాలి, కొత్త మందు ఏ మోతాదులో వాడాలి, ఎక్కడ ఏ రోగం తిరుగుతోంది, అన్నీ పుస్తకాలు తిరగేసి, ఒకటికి రెండుసార్లు సరిచూసి, బొమ్మలు కూడా గీసి ఇస్తాను. మీలో చాలామంది ఆ పేజీ తిప్పేసి బదిలీల వార్తల దగ్గర ఆగుతారని నాకు తెలుసు. తెలిసీ రాస్తున్నాను.

నేను నెలంతా కూర్చుని రాసే సంగతులే ఆవిడ రోజూ పొద్దున్నే ఏదో ఒక రైతు పశువుల సావిట్లో నిలబడి ఫోనులో చెప్పేసేవారు. “డాక్టర్లూ, టీలయ్యాయా?” అని మొదలుపెట్టేవారు. వెనకాల పాలు పితుకుతున్న చప్పుడు, తోకతో దోమల్ని కొట్టుకుంటున్న గేదె, దూరంగా ఎవరో ఎవర్నో తిట్టడం. “నిన్న మా దగ్గర గాలికుంటు కనిపించిందండి. కాలవ అవతలి ఊళ్ళవాళ్ళు సంత నుంచి పశువుల్ని తోలుకురావద్దని చెప్పండి. మన టీకాలు ఇంకా రాలేదు, అడిగితే రేపంటున్నారు, మీరు కూడా అడగండి, అందరం అడిగితే సిగ్గుపడి పంపిస్తారు.” ఇంతే. వార్త అయిపోయింది, సలహా అయిపోయింది, పై అధికారులకు చురక కూడా అయిపోయింది. నా పేజీలో ఆ పై అధికారుల ఫోటో ఉండేది.

ఆవిడ చెప్పినవాటిలో కొన్ని అందరికీ నోటికి వచ్చేశాయి. “ఈనిన గేదెకి మాయ పడలేదని రైతు తొందరపెడతాడు. లాగెయ్యండి, లాగెయ్యండి అంటాడు. మీరు లాగకండి. టీ అడగండి. టీ మరిగేలోపు ఆయన తొందర సగం తగ్గుతుంది, మీకు ఆలోచించుకోడానికి టైము దొరుకుతుంది.” ఇంకోటి, “కాల్షియం ఎక్కించేటప్పుడు సీసా వైపు చూడకండి. మీ చెవి గేదె గుండె దగ్గరుండాలి.” ఆ రెండోది నేను కూడా రాశాను. చక్కగా, శాస్త్రీయంగా, మూడు పేరాల్లో. చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

ఒకసారి పాలకొల్లులో మనందరికీ శిక్షణ పెట్టారు. పొదుగువాపు మీద నన్ను మాట్లాడమన్నారు. తెర మీద బొమ్మలు వేసుకుని భోజనాల తర్వాత మొదలుపెట్టాను. కాసేపటికి హాల్లో ముందు వరుస మాత్రమే మిగిలింది, అందులోనూ ఒకాయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ముగించి బయటికి వస్తే, టీ బల్ల చుట్టూ మిగతా జనమంతా ఉన్నారు. మధ్యలో డాక్టరమ్మ గారు. చేతిరుమాలు నల్లదొకటి తీసి, మొదటి ధారలు ఇలాంటి గుడ్డ మీద పిండితే పాలలో విరుగు ఎలా కనపడుతుందో చూపిస్తున్నారు. అదే పొదుగువాపు! నన్ను చూడగానే ఆవిడ పక్కకి జరిగి, “సార్ రండి, సార్ చెబుతారు, నాకంటే ఆయనకి బాగా తెలుసు” అన్నారు. అందరూ మర్యాదగా నా వైపు తిరిగారు. వాళ్ళ మొహాల్లో ఆ మర్యాద చూశాక నాకు టీ దిగలేదు.

ఆవిడ నన్ను ఎక్కడా తక్కువ చేసి మాట్లాడలేదు. చేసి ఉంటే నా పని సులువయ్యేది. కోపం తెచ్చుకుని హాయిగా ఉండేవాణ్ణి. గర్భసంచి మెలిపడిన గేదెను దొర్లించడం గురించి నేను ఒక నెల వివరంగా రాశాను. మెలిక ఏ వైపుందో ఆ వైపే పడుకోబెట్టాలి, పొట్ట మీద చెక్కబల్ల వెయ్యాలి, అటే దొర్లించాలి. బాణం గుర్తులతో బొమ్మ కూడా వేశాను. ఎవరూ కిమ్మనలేదు. కొన్ని వారాలకు ఆవిడ గొంతు వచ్చింది. వెనకాల నలుగురు మనుషులు ఆయాసపడుతున్నారు. “సార్ రాసినట్టే చేశామండి. పత్రికలో బొమ్మ ఉంది, అందరూ తీసి చూసుకోండి. బల్ల మీద నిలబడేవాడు బరువైనవాడై ఉండాలి, మా ఊరి ప్రెసిడెంటు గారిని నిలబెట్టాం.” గ్రూపంతా నవ్వులు, దండాలు. అన్నీ ఆవిడకే. “థాంక్స్ డాక్టరమ్మ గారూ, ఇవాళే తెలిసిందండి.”

ఇవాళే తెలిసిందట!

ఉండబట్టలేక ఫోన్ చేశాను. “ఇకమీదట నా పేరు ఎత్తొద్దండి” అన్నాను.

“అయ్యో, ఏమైందండి సార్? తప్పుగా ఏమన్నా చెప్పానా?”

“తప్పేం లేదండి. బాగానే చెప్పారు.”

“మరి?”

మరి ఏం చెప్పను? మీరు చెబితే వింటున్నారు, నేను రాస్తే చూడ్డం లేదు, అది నాకు మంటగా ఉంది అని చెప్పగలనా? “అబ్బే, ఊరికేనండి” అన్నాను. ఆవిడేమో, “సార్, మీ పేజీ చింపి నా బండి డిక్కీలో పెట్టుకుంటానండి. మీరు రాయకపోతే పొద్దున్నే నాకు మాట్లాడ్డానికి ఏముంటుంది?” అన్నారు. ఆ మాటకి పొంగిపోవాలి. ఎక్కడ పొంగాను? నా సరుకుతో ఈవిడ దుకాణం నడుపుతోందన్నమాట అని రాత్రి భోజనం దగ్గర మా ఆవిడతో అన్నాను.

మా ఆవిడకు పశువుల గురించి తెలిసింది పాలప్యాకెట్టు వరకే. అయినా పొద్దున్నే కాఫీ ఇస్తూ, “ఏవండీ, డాక్టరమ్మ గారిది వచ్చిందా? పెట్టండి ఓసారి” అనేది. పెట్టేవాణ్ణి. కూర తరుగుతూ గాలికుంటు గురించి శ్రద్ధగా వినేది. నా పేజీ అచ్చయి ఇంటికి వచ్చిన రోజు మాత్రం, “చాలా కష్టపడ్డారండి ఈసారి” అనేది.

దినం అయ్యాక, కుర్ర డాక్టర్లు కొందరు ఒక సంగతి తేల్చారు. డాక్టరమ్మ గారి మాటలు ఫోనుల్లో ఉంటే ఫోనులతోపాటే పోతాయి, అందుకని వాటిని ఈ పత్రికలో అచ్చువెయ్యాలి. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు పనికొస్తాయి. “మీరైతేనే చెయ్యగలరు సార్. రాత మీకు అలవాటు కదా” అన్నారు. ఒప్పుకున్నాను. నా పేజీ ఆవిడకి ఇవ్వాలి, పైగా నా చేత్తో నేనే ఎక్కించాలి.

చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ దిద్దుతూ పోయాను. ‘టీలయ్యాయా’ తీసేశాను. టీ మరిగే సంగతి తీసేసి, ‘రైతు ఒత్తిడికి లోనుకాక వైద్యుడు సంయమనం పాటించాలి’ అని పెట్టాను. ప్రెసిడెంటు గారు పోయి ‘తగిన బరువుగల వ్యక్తి’ వచ్చారు. శుభ్రంగా వచ్చింది. ఒక తప్పు లేదు. దిద్దుతున్నంతసేపూ లోపల ఎక్కడో హాయిగా ఉందని కూడా చెప్పాలి. ఇప్పుడు చూడండి, ఆవిడ సలహాలూ నా సలహాలూ పక్కపక్కన పెడితే తేడా తెలియదు.

మా ఆవిడకిచ్చి చదవమన్నాను. చివరిదాకా చదివింది.

“ఇది డాక్టరమ్మ గారిదా?”

“ఆవిడదే. ఎందుకు?”

“మీరు రాసినట్టుందండి.”

ఇన్నేళ్ళూ ఆవిడలా చెప్పావయ్యా అని ఎవరైనా అంటారేమోనని చూశాను. చివరికి ఆవిడే నాలా అయిపోయింది. ఎవరూ చదవని పేజీ ఒకటి మనకు ఇప్పటికే ఉంది. రెండోది తయారుచేస్తున్నాను. అది చదివి కొత్త డాక్టర్లు బదిలీల వార్తలకి వెళ్ళిపోతారు, ఆవిడ ఇక ఎవరికీ వినపడరు. నన్ను వినలేదని ఉడికిపోయినవాణ్ణి, ఆవిడకి అదే గతి పట్టిస్తున్నాను.

చింపేశాను. మళ్ళీ మొదటి నుంచి విన్నాను. ఈసారి ఆవిడ ఎలా అంటే అలా రాశాను. ‘టీలయ్యాయా’ అంటే ‘టీలయ్యాయా’. మధ్యలో గేదెను “అమ్మా, కాలు, కాలు తియ్యమ్మా” అంటే అదీ రాశాను. అసూయ పోయిందా అంటే పోలేదు. ఒక్కో వాక్యం రాస్తూ, ఇంత తేలిగ్గా ఎలా చెప్పగలిగేవారో అని పళ్ళు నూరుకుంటూనే రాశాను. నా రాత నాకు కనపడకుండా రాయడం అంత కష్టమని అప్పటిదాకా తెలియదు.

ఒకచోట మాత్రం కలం ఆగిపోయింది. ఆ రోజు ఆవిడ ఈనడం కష్టమైన గేదె గురించి చెబుతున్నారు. దూడ తల వెనక్కి తిరిగితే చెయ్యి ఎలా పెట్టాలో చెబుతూ చెబుతూ, “ఉండండి, ఉండండి” అని ఫోను ఎక్కడో పెట్టేశారు. ఆపడం మర్చిపోయారు. ఆ తర్వాత మాటల్లేవు. గడ్డి మీద అడుగులు. తడిగా ఏదో జారిపడిన చప్పుడు. ఎవరో మెల్లగా “పెయ్యదూడేనండి” అన్నారు. తల్లి గేదె నాకుతున్న చప్పుడు, చాలాసేపు అదే. ఆవిడ అక్కడే ఉన్నారని తెలుస్తూనే ఉంది, ఊపిరి వినపడుతోంది. సలహా లేదు, వార్త లేదు. ఆ రోజు గ్రూపులో అందరూ అది చివరిదాకా విన్నారు. నేనూ విన్నాను. ఒక్క మాట కూడా చెప్పకుండా ఇంతమందిని కూర్చోబెట్టిందే అని ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

దాన్ని రాయడానికి రకరకాలుగా ప్రయత్నించాను. ఏది రాసినా నా గొంతే వచ్చింది. చివరికి “ఉండండి, ఉండండి” దగ్గర ఆపి, కింద సగం పేజీ వదిలేసి పంపాను.

నిన్న ప్రెస్సు ఆయన ఫోన్ చేశారు.

“సార్, ఇక్కడ మేటరు తగ్గిందండి. సగం పేజీ తెల్లగా వచ్చింది. దాణా కంపెనీ వాళ్ళ ప్రకటన ఉంది, వేసెయ్యమంటారా?”

“వద్దండి.”

“పోనీ మీ సూచనలు ఈ నెల లేవు కదండి. ఏదైనా ఒకటి పంపండి, సరిగ్గా సరిపోద్ది.”

నా దగ్గర సిద్ధంగా ఉన్నవి చాలా ఉన్నాయి. ఆ పేజీ అందరూ చూస్తారు, అదీ తెలుసు. ‘పంపుతాను’ అని నోటిదాకా వచ్చింది.

“వద్దండి. అక్కడ దూడ లేవడానికి చూస్తోంది. కాస్త చోటుండనివ్వండి” అన్నాను.

ఆయనకేమీ అర్థమై ఉండదు. “సరేనండి, అలాగే ఉంచేస్తాను” అన్నారు.